చివరగా వేసిందే ఓటు

సోమవారం పొద్దున చేపల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో జరిగినదాని గురించి హావస్తె దీవిలో ఎవరూ పైకి మాట్లాడుకోలేదు. ఆన్‌లైన్ ఓటింగ్ మొదలైన పూటే యజమాని రైమొండ్ లాప్‌టాప్ తెచ్చి కాఫీ ఫ్లాస్కుల పక్కన పెట్టాడు. యాలకుల రొట్టె కోయించాడు. "ఇంటికెళ్లి తంటాలు పడటం ఎందుకు, ఇక్కడే వేసేయండి" అన్నాడు నవ్వుతూ. చేపలకు పొగ పట్టే గదుల మగవాళ్లు, ప్యాకింగ్ ఆడవాళ్లు ఒకరి వెనక ఒకరు వచ్చి, గుర్తింపు కార్డు రీడర్‌లో పెట్టి, పిన్ నొక్కి, అతని కళ్లముందే అతనికే ఓటు వేశారు. ఓటు ఎవరికి చేరిందో సరిచూసుకోవడానికి తెర మీద ఒక గళ్ల గుర్తు వస్తుంది. దాన్ని ఓటరు తన ఫోనుతో చూసుకోవాలి. ఆ రోజు రైమొండ్ తన ఫోనుతో చూసుకున్నాడు. ఆపైన గేటుకు కొత్త యంత్రం బిగిస్తున్నామనీ, కార్డులు అందులో ఎక్కించాలనీ చెప్పి అందరివీ తీసుకుని సొరుగులో వేసి తాళం పెట్టాడు. ఎన్నికలయ్యాక ఇస్తానన్నాడు.

వరసలో ఆఖరున నిలబడింది విర్వె. ప్యాకింగ్ విభాగానికి పెద్ద, రైమొండ్‌కు సొంత చెల్లెలు. ఆమె ఓటూ రైమొండ్‌కే పడింది. పంచాయతీకి అతని మీద పోటీ చేస్తున్నది విర్వె కన్నకూతురు కెర్తు.

రేవు గురించే ఈ గొడవంతా. గెలిస్తే రేవు మొత్తాన్నీ తన ఫ్యాక్టరీ పేరున రాయించుకుంటానని రైమొండ్ దాచకుండా చెప్పాడు. అప్పుడిక చిన్న పడవలవాళ్లు గట్టుకు తాడు కట్టుకోవాలన్నా అతని అనుమతి అడగాలి. తండ్రి పోయాక ఆయన పడవనే నడుపుకుంటున్న కెర్తు, మిగతా పడవలవాళ్లను కూడగట్టుకుని నిలబడింది.

ఒకసారి వేసిన ఓటును మార్చుకోవచ్చన్నది ఈ దేశంలో బడిపిల్లలకు కూడా తెలుసు. శనివారం సాయంత్రం దాకా ఎన్నిసార్లయినా ఆన్‌లైన్‌లో మళ్లీ వేయొచ్చు, చివరిదే లెక్కలోకి వస్తుంది. ఆదివారం బూత్‌కు వెళ్లి కాగితం మీద వేస్తే ముందు వేసినవన్నీ చెల్లవు. కానీ క్యాంటీన్‌లో ఓటు వేసిన మనిషి ఆదివారం బూత్ గుమ్మం తొక్కితే ఎందుకు తొక్కిందో దీవి మొత్తానికీ తెలిసిపోతుంది. చాటుగా మార్చుకోవాలంటే కార్డు ఉండాలి. ఆ కార్డు అన్న సొరుగులో ఉంది.

నాలుగు రాత్రులు విర్వెకు సరిగ్గా నిద్రపట్టలేదు. శుక్రవారం మధ్యాహ్నం భోజనాల గంట కొట్టగానే ఏప్రాన్ విప్పి మేకుకు తగిలించి, చేపల వాసన పోయేదాకా చేతులు రుద్ది కడుక్కుని, అన్న గది వైపు నడిచింది.

రైమొండ్ బల్ల మీద కాళ్లు చాపుకుని ఫోనులో మాట్లాడుతున్నాడు. కిటికీ పక్క చిన్న బల్ల దగ్గర అతని భార్య హెల్గి కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. ఫ్యాక్టరీ జమాఖర్చులన్నీ ఆమే చూస్తుంది. విర్వెను చూసి హెల్గి తల వంచేసుకుంది. మామూలుగా అయితే "రా విర్వె, కాఫీ తాగుతావా" అనేది.

రైమొండ్ ఫోను పెట్టేశాడు. "ఏంటి, పెట్టెలు సరిపోలేదా?"

"పెట్టెలున్నాయి. నా కార్డు కావాలి అన్నయ్యా."

"ఏం, ఎందుకు?"

"మందులైపోయాయి. గుండె మాత్రలు. కార్డు లేకుండా మందుల షాపులో ఇవ్వరు కదా."

దారి పొడవునా ఈ మాటే నోట్లో తిప్పుకుంటూ వచ్చింది. చెప్పేటప్పుడు గొంతు తడబడకుండా ఉంటే చాలనుకుంది. తడబడలేదు.

రైమొండ్ ఆమెను తేరిపార చూశాడు. కాళ్లు కిందికి దించాడు. "మందుల షాపు దాకా నువ్వెందుకు పోవడం? హెల్గి ఊళ్లోకి వెళ్తోంది. నీ పేరు మీద తీసుకొస్తుంది. ఏం హెల్గీ?"

"ఊఁ" అంది హెల్గి తల ఎత్తకుండా.

"నా మందులు నేను తెచ్చుకుంటాను. షాపులో మందులిచ్చే పిల్లను ఒకటి రెండు అడగాలి కూడా. మొన్నటి మాత్రలు తల తిప్పుతున్నాయి."

"అయితే నేనే కారులో తీసుకెళ్తాను పద. కార్డు నేను పట్టుకుంటా, నువ్వు అడగాల్సింది అడుగు." రైమొండ్ నవ్వాడు. "తల తిరిగే మనిషిని ఒంటరిగా ఎలా పంపుతాను?"

విర్వెకు ఒళ్లు మండింది. యాభై నాలుగేళ్ల మనిషి చేతిలో గుర్తింపు కార్డు పెట్టకుండా, చంటిపిల్లను బజారుకు తీసుకెళ్లినట్టు తీసుకెళ్తాడట. అబద్ధానికి అబద్ధం కలుపుకుంటూ పోతే ఇతనితో నెగ్గడం కుదరదని ఆమెకు అప్పుడే అర్థమైంది. చిన్నప్పటి నుంచీ ఈ ఆటలో గెలిచింది అతనే.

"మాత్రలు ఇంట్లో ఉన్నాయి" అంది. "కార్డు ఓటు మార్చుకోవడానికే."

కంప్యూటర్ మీద హెల్గి వేళ్లు ఆగిపోయాయి.

రైమొండ్ లేచి తలుపు దాకా వెళ్లి, కాస్త తెరిచి ఉన్న తలుపును మూయబోయాడు. విర్వె తలుపుకు అడ్డంగా చెయ్యి పెట్టింది. "ఉండనీ. గాలి రానీ."

"కెర్తు పంపిందా నిన్ను?"

"కెర్తు నాతో ఓటు మాటే ఎత్తలేదు. ఈ వారమంతా ఇంటికి కూడా సరిగ్గా రాలేదు."

"రాదు మరి. ఏ మొహం పెట్టుకుని వస్తుంది? మామయ్య పెట్టిన తిండి తిని పెరిగి, ఇవాళ మామయ్య మీదికే వలలు ఎత్తుకుని బయల్దేరింది."

"తిండి పెట్టింది వాళ్ల నాన్న. నువ్వు ఉద్యోగమిచ్చావు. అదీ నాకు. నేను పనిచేశాను, నువ్వు జీతమిచ్చావు."

"ఓహో, లెక్కలొచ్చేశాయే!" రైమొండ్ గొంతు పెరిగింది. మళ్లీ అంతలోనే తగ్గింది. అతను గట్టిగా అరిచినప్పటి కంటే మెల్లగా మాట్లాడినప్పుడే విర్వెకు ఎక్కువ భయం. "విర్వె, ఇలా చూడు. నీకు తొమ్మిదేళ్లప్పుడు కడుపులో చీము పట్టింది. గుర్తుందా? పడవలు నడవవు, ఆకాశంలో మంచు తుఫాను. నాన్న తాగి పడి ఉన్నాడు. నిన్ను దుప్పట్లో చుట్టి మంచు మీద జారే బల్లబండి మీద పడుకోబెట్టి, గడ్డకట్టిన సముద్రం మీద అవతలి ఒడ్డు దాకా లాక్కుపోయింది ఎవరు? నాకప్పుడు పద్నాలుగు. మంచు కాళ్లకింద పటపటమంటుంటే ఏడుస్తూ లాగాను. ఆసుపత్రి మెట్ల మీద పడిపోయాను."

"గుర్తుంది."

"ఆ అన్నకు నువ్వు ఒక్క ఓటు వేయలేవా?"

విర్వె కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ రాత్రి ఆమెకు నిజంగానే గుర్తుంది. దుప్పటి సందులోంచి కనిపించిన అన్న వీపు, భుజం మీద తాడు ఒరుసుకుని ఎర్రబడిన కోటు. ఇన్నేళ్లూ ఆ వీపును మరిచిపోలేదు. ఏ మాట అడిగినా కాదనలేకపోయిందీ ఆ వీపు వల్లే.

"ఆ రోజు నువ్వు లాగకపోతే చచ్చిపోయేదాన్ని అన్నయ్యా" అంది. "అది ఎవరడిగినా చెప్తాను. అందుకని బతుకంతా నీ బండి మీదే పడుకుని ఉండమంటావా? అడిగి ఉంటే ఎవరికి వేసేదాన్నో నాకే తెలీదు. నీకే వేసేదాన్నేమో. నువ్వు అడగలేదు. పక్కన నిలబడ్డావు. నా ఓటును నీ ఫోనుతో చూసుకున్నావు. సోమవారం నుంచీ అద్దంలో నా మొహం నేను చూసుకోలేకపోతున్నాను."

"సరే. కార్డు తీసుకో. వచ్చే సోమవారం ప్యాకింగ్‌కు రాకు."

"ఇవ్వు మరి."

అతను ఈ జవాబు ఊహించలేదు.

"మతి గాని పోయిందా? ఈ వయసులో నీకు పని ఎవడిస్తాడు ఇక్కడ?"

"చేపలు శుభ్రం చేయడం వచ్చు. కెర్తు పడవ మీద చేసుకుంటాను."

"ఆ పడవ ఎక్కడ కడుతుందో చూస్తాగా!"

"చూడు. ముందు కార్డివ్వు."

"ఇవ్వను!" బల్ల మీద గట్టిగా చరిచాడు రైమొండ్. పెన్నుల డబ్బా దొర్లి కింద పడింది.

బయట వసారాలో అడుగుల చప్పుడు ఆగింది. భోజనాలకు వెళ్తున్న పొగ గదుల మగవాళ్లు, వాళ్ల వెనక ప్యాకింగ్ ఆడవాళ్లు తలుపు సందులోంచి లోపలికి చూస్తున్నారు. ముందున్న ముసలాయన టోపీ తీసి చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

విర్వె వాళ్లను చూసింది. ఆపైన మాట్లాడినప్పుడు గొంతు పెంచకపోయినా అందరికీ వినపడేలా మాట్లాడింది. "నా కార్డు నాకివ్వడానికి నీకెందుకంత భయం అన్నయ్యా?"

రైమొండ్ మొహం కందిపోయింది. వసారా వైపు చూశాడు, చెల్లెలి వైపు చూశాడు. ఈమెకు ఇవ్వనంటే తలుపు దగ్గరున్న ప్రతివాడి నోటా ఇదే ప్రశ్న వస్తుంది. ఇస్తే ఈమెతో పోతుంది. ఆ లెక్క అతని కళ్లలో నడుస్తుండటం విర్వెకు కనిపించింది. అయినా అతని చెయ్యి కదల్లేదు.

హెల్గి కదిలింది. కుర్చీ వెనక్కి జరిపి లేచి, తన దగ్గరున్న తాళంచెవితో సొరుగు తీసింది. కార్డుల్లోంచి ఒకటి వెతికే పని లేకుండా తీసి బల్ల అంచున పెట్టింది.

"ఇచ్చేయ్ రైమొండ్" అంది భర్త మొహం చూడకుండా. "అందరూ చూస్తున్నారు. నలుగుర్లో నవ్వులపాలవకు."

విర్వె కార్డు తీసుకుంది. వదినకు ఏదో చెప్పాలనుకుంది. హెల్గి అప్పటికే కింద పడ్డ పెన్నులు ఏరుతోంది. ఆమె చేతులు వణుకుతున్నాయి.

వసారాలో జనం పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. విర్వె వాళ్ల మధ్య నుంచి నడిచి బయటికి వచ్చి, కోటు బొత్తాలు కూడా పెట్టుకోకుండా సైకిలెక్కింది. ఎదురు గాలి. అక్టోబరు గాలికి కళ్లలోంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోలేదు. ఏడుస్తున్నట్టు ఉంది, నవ్వొస్తున్నట్టూ ఉంది.

మలుపు దగ్గర ఆగి కెర్తుకు ఫోను చేసింది. "లాప్‌టాప్, ఆ కార్డు పెట్టే డబ్బా తీసుకుని ఇంటికి రా. కార్డు తెచ్చుకున్నాను."

"తెచ్చుకున్నావా? ఎలా?"

"అడిగి."

* * *

కెర్తు వచ్చేసరికి విర్వె పొయ్యి రాజేసి, రై రొట్టె మీద వెన్న, ఉప్పు చేప, ఉడికించిన గుడ్డు ముక్కలు పెట్టి ఉంచింది. చిన్న పండగలా చేద్దామనుకుంది. కెర్తు రబ్బరు బూట్లు గుమ్మంలో విప్పి, తడి కోటుతోనే లోపలికి వచ్చి బల్ల చివర కూర్చుంది. ముప్పై ఏళ్ల పిల్ల, తండ్రి లాగే పొడగరి, తండ్రి లాగే మాట దాచలేని మొహం. ఈరోజు ఆ మొహంలో సంతోషం లేదు.

విర్వె ఫ్యాక్టరీలో జరిగిందంతా చెప్పింది. అన్న బల్ల చరచడం, వసారాలో టోపీ తీసిన ముసలాయన, హెల్గి సొరుగు తీయడం. చెప్తూ చెప్తూ తనే నవ్వింది. "మీ మామయ్య మొహం చూడాల్సింది! ఉడికిన పీతలా అయిపోయాడు."

కెర్తు నవ్వలేదు. "నీ ఉద్యోగం?"

"పోయింది. నీ పడవలో చేపలు తోమడానికి పెట్టుకో. జీతం ఎక్కువే అడుగుతాను."

"అమ్మా..."

"ఏంటే, అలా ఉన్నావు? డబ్బా తెచ్చావా?"

"తెచ్చాను. కానీ ఇప్పుడే ఎందుకు? కాస్త కుదుటపడు. రేపు చూద్దాం."

"రేపు సాయంత్రంతో అయిపోతుంది."

"పోతే పోనీ అమ్మా. నీ ఒక్క ఓటుతో నేను గెలుస్తానా, ఓడతానా? నువ్వు వేసినా వేయకపోయినా..."

విర్వె గుడ్డు ముక్కను పళ్లెంలో పెట్టేసి కూతురి మొహంలోకి చూసింది. ఇంటింటికీ తిరిగి, పొగ చూరిన గుడిసెల్లో ముసలాళ్ల పక్కన కూర్చుని, ఒక్కొక్క ఓటే లెక్క అని చెప్పిన పిల్ల ఇది.

"లాప్‌టాప్ తియ్" అంది.

కెర్తు తీసింది. కార్డు డబ్బాను తీగతో కలిపింది. విర్వె కార్డు తోసి, తనెవరో చూపే మొదటి పిన్ నొక్కింది. ఓటింగ్ అప్లికేషన్ తెరుచుకుంది. ఆమె కళ్లజోడు పెట్టుకుని ముందుకు వంగింది.

తెర మీద పైన ఆమె పేరు వచ్చింది. దాని కింద రెండు వరసలు: ఈ ఎన్నికల్లో మీరు ఇదివరకే ఓటు వేశారు. బుధవారం మధ్యాహ్నం. మళ్లీ వేస్తే పాతది రద్దవుతుంది.

విర్వె ఒకసారి చదివింది. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ చదివింది.

"సోమవారం కదా వేసింది నేను!"

కెర్తు చూపు తెర మీంచి బల్ల మీదికి దించింది.

"బుధవారం అంటోందే... బుధవారం కార్డు వాడి సొరుగులో ఉంది." విర్వె కుర్చీ వెనక్కి తోసింది. "వాడే! నా కార్డుతో వాడే మళ్లీ వేశాడు. నమ్మకం చాలక ఇంకోసారి వేశాడు! నా పిన్ చూశాడన్నమాట పక్కన నిలబడి. ఇంకెంతమందివి వేశాడో! దొంగ వెధవ, సొంత అన్నని చెప్పుకోవడానికి..." ఆమె లేచి నిలబడింది. బల్ల మీది ఫోను అందుకుంది. "అవతలి ఒడ్డు పోలీసులకు చెప్తాను. ఇప్పుడే. ఇంక ఊరుకోను."

"అమ్మా, ఆగు."

"ఏం ఆగేది? ఇన్నాళ్లూ ఆగాను!"

"మామయ్య కాదు."

విర్వె ఫోను చెవి దగ్గర పెట్టుకుని అలాగే నిలబడింది. కెర్తు తల దించుకుని బల్ల చెక్కలోని గీతను గోటితో గీకుతోంది.

"మామయ్య కాదమ్మా. నేను."

పొయ్యిలో కట్టె ఒకటి విరిగి కూలిన చప్పుడైంది. విర్వె మెల్లగా ఫోను కింద పెట్టింది.

"ఎలా?"

"అత్తయ్య రేవుకొచ్చింది. నీ కార్డు సొరుగులోంచి తీసుకొచ్చింది. మధ్యాహ్నం మామయ్య బ్యాంకు పని మీద అవతలి ఒడ్డుకెళ్లాడు. పడవ గదిలో కూచుని వేశాను. అత్తయ్య మళ్లీ తీసుకెళ్లి పెట్టేసింది."

"పిన్?"

"నాన్న పడవ నంబరే కదా నీ పిన్‌లన్నీ. నేనే పెట్టిచ్చాను నీకు."

అందుకే హెల్గి వెతకకుండా కార్డు తీసింది. చేతులు వణికిందీ అందుకే. విర్వె కుర్చీలో కూర్చుంది.

"నీకోసమే చేశానమ్మా" కెర్తు గబగబా మాట్లాడటం మొదలుపెట్టింది. "క్యాంటీన్‌లో ఏం జరిగిందో అత్తయ్యే చెప్పింది. నువ్వు మామయ్యకు వేస్తున్నప్పుడు నీ మొహం చూడలేకపోయానంది. తన ఓటూ పక్కన కూచోబెట్టుకుని వేయించాడట. కనీసం విర్వె ఓటైనా సరిచేద్దాం అంది. నాకూ అదే న్యాయం అనిపించింది. నువ్వు నాకే వేస్తావని తెలుసు కదా. నీ మనసులో ఉన్నదే కదా నేను వేసింది!"

"నన్ను అడగొచ్చుగా."

"అడిగితే భయపడి వద్దనేదానివి."

"అంటే నేనేమంటానో నీకు ముందే తెలుసు." విర్వె గొంతు చాలా మెల్లగా ఉంది. "వాడికీ తెలుసు, నేను కాదననని. నేను తప్ప అందరికీ తెలుసన్నమాట నా సంగతి."

"మామయ్యతో పోలుస్తావా నన్ను? అతను బెదిరించి వేయించుకున్నాడు!"

"అవును, బెదిరించాడు. కానీ పిన్ నా వేలితోనే నొక్కించాడు. నువ్వు నా వేలు కూడా అక్కర్లేదనుకున్నావు. ఇవాళ వాడి ముందు నిలబడి మాట్లాడాను కెర్తూ. నా బతుకులో మొదటిసారి. సైకిల్ మీద వస్తుంటే ఎంత తేలిగ్గా అనిపించిందో తెలుసా? దేనికోసం కొట్లాడానో అది అప్పటికే నువ్వు తీసేసుకున్నావు."

కెర్తు రెండు చేతులతో మొహం కప్పుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి. తండ్రి చనిపోయినరోజు కూడా ఇలాగే చప్పుడు కాకుండా ఏడ్చింది. విర్వె చెయ్యి ఆ భుజం వైపు వెళ్లబోయి ఆగింది.

"బయటికెళ్లు" అంది.

"అమ్మా, క్షమించు..."

"కట్టెలు తీసుకురా. నేను పిలిచేదాకా లోపలికి రాకు."

తలుపు మూసుకుంది. విర్వె లేచి గొళ్లెం పెట్టింది. కిటికీ తెర లాగింది. ఎవరూ లేని తన వంటింట్లో ఇంత జాగ్రత్త ఎందుకో ఆమెకే నవ్వొచ్చింది, కానీ తెర మళ్లీ తీయలేదు.

అభ్యర్థుల పేర్లు తెర మీద వరసగా ఉన్నాయి. అన్న పేరుంది. కూతురి పేరుంది. ఎప్పుడూ గెలవని బడిపంతులు పేరు, గొర్రెలు పెంచుకునే ఆమె పేరు, ఇంకా చాలా ఉన్నాయి. విర్వె వాటన్నిటినీ పైనుంచి కిందికి చదివింది. అన్న వీపు గుర్తొచ్చింది, పడవ గదిలో వంగి కూర్చున్న కూతురు కళ్ల ముందు మెదిలింది. ఇద్దర్నీ పక్కకు జరిపి రేవు గురించి ఆలోచించింది. గట్టున ఎండే వలల గురించి, రేపు ఆ నీళ్ల మీద ఎవరి మాట చెల్లాలన్నదాని గురించి ఆలోచించింది. చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

తర్వాత ఒక పేరు ఎంచుకుని, ఓటు ఖాయం చేసే రెండో పిన్ నొక్కింది. గళ్ల గుర్తు వచ్చింది. తన ఫోనుతో తనే చూసుకుంది. ఫోనులో వచ్చిన పేరు సరిగ్గా ఉంది. కార్డు తీసి చొక్కా జేబులో పెట్టుకుని, లాప్‌టాప్ మూసేసింది. ఆమె ఎవరికి వేసిందో ఆ రోజు ఇంకెవరికీ తెలియలేదు.

గొళ్లెం తీసేసరికి కెర్తు కట్టెల మోపుతో మెట్ల మీద నిలబడి ఉంది. ఆమె ఒక్కతే లేదు. పక్కన ముదురు నీలం యూనిఫాంలో ఒక కుర్రాడు టోపీ చేత్తో పట్టుకుని ఉన్నాడు. అవతలి ఒడ్డు పోలీసు స్టేషన్‌లో కొత్తగా చేరిన తార్వొ. మధ్యాహ్నం పడవకు దిగినట్టున్నాడు, బూట్ల నిండా రేవు బురద.

"విర్వె గారూ, ఇబ్బంది పెడుతున్నందుకు ఏమీ అనుకోకండి" అన్నాడు. "లోపలికి రావచ్చా?"

విర్వె పక్కకు తప్పుకుంది. అతను బూట్లు విప్పి, బల్ల దగ్గర కూర్చుని, పళ్లెంలో రొట్టె వైపు ఒకసారి చూసి చూపు మరల్చుకున్నాడు. కెర్తు కట్టెలు పొయ్యి పక్కన పెట్టి గోడకు ఆనుకుని నిలబడిపోయింది.

"మీ ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన నిన్న మా దగ్గరికొచ్చారు. పేరు చెప్పను. సోమవారం క్యాంటీన్‌లో ఎదురుగా నిలబెట్టి ఓట్లు వేయించారనీ, కార్డులు తీసేసుకున్నారనీ చెప్పారు. మిగతావాళ్లు ఎవరూ నోరు విప్పట్లేదు. ఇవాళ మీరొక్కరే కార్డు అడిగి తీసుకున్నారని తెలిసింది." తార్వొ గొంతు సవరించుకున్నాడు. "మీరు చెప్తే మిగతావాళ్లూ చెప్తారు. రైమొండ్ గారు మీ అన్నయ్యని నాకు తెలుసు. బలవంతం లేదు. కానీ చెప్పేది మాత్రం నిజమే చెప్పాలి. ఎందుకంటే ప్రతి కార్డుతో ఎప్పుడెప్పుడు ఓటు పడిందో మేం అడిగి తెప్పించుకుంటాం."

"ఎప్పుడెప్పుడు పడిందో..." అంది విర్వె.

"అవును. ఎవరికి పడిందో ఎవరికీ తెలీదు. ఎప్పుడు పడిందో, ఎక్కణ్నించి పడిందో తెలుస్తుంది. అందుకే ముందు ఈ ఒక్కటి అడుగుతాను. మీ కార్డు ఆ సొరుగులో ఉన్న రోజుల్లో దాన్ని ఎవరైనా వాడారా?"

గోడ దగ్గర కెర్తు మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది. విర్వె ఆ మొహం చూసింది. ఒక్క అబద్ధం చాలు. వాడలేదంటే, బుధవారం సంగతి బయటపడినరోజు ఆమె మాటకు విలువ ఉండదు, అన్న మీద కేసు వీగిపోతుంది. అన్నయ్యే వాడాడంటే కూతురు గట్టెక్కుతుంది, చేయని నేరం అన్న నెత్తిన పడుతుంది. నిజం చెప్తే కెర్తు పోటీ సంగతి సరే, పడవ కూడా మిగలకపోవచ్చు.

"అమ్మా" అంది కెర్తు.

విర్వె జేబులోంచి కార్డు తీసి కుర్రాడి ముందు బల్ల మీద పెట్టింది. చేత్తో దాన్ని అతని వైపు జరిపింది.

"వాడారు" అంది.

తార్వొ టోపీ పక్కన పెట్టి ముందుకు వంగాడు. "ఎవరు విర్వె గారూ?"

"చెప్తాను. సోమవారం నుంచి చెప్తాను, బుధవారం కూడా చెప్తాను" అంది ఆమె కూతురి మీద నుంచి చూపు తిప్పకుండా. "కానీ మీరు ఒక్కరి కోసమే వచ్చారు బాబూ. నా దగ్గర ఇద్దరున్నారు."